గీత గీసినవాడికే దారి తెలుస్తుంది

వైమానిక దళంలో నావిగేటర్‌గా పనిచేసి, ఆ తరవాత కొన్నేళ్లు ఆ విద్యనే కుర్రవాళ్లకు నేర్పినవాణ్ణి. బేగంపేటలో నేను శిక్షణ పొందిన రోజుల్లో మా సరంజామా అంతా ఒక చేతిసంచిలో పట్టేది. చార్టు, డగ్లస్ ప్రొట్రాక్టర్, డివైడర్, డాల్టన్ కంప్యూటర్, చెక్కిన పెన్సిళ్లు, రబ్బరు, చేతికి గడియారం. ఆ కంప్యూటర్ కరెంటుతో నడిచేది కాదు, చేత్తో తిప్పుకునే చక్రమూ జరుపుకునే పట్టీ ఉన్న పలక. వీటితోనే డకోటా విమానాల్లో కూర్చుని బంగాళాఖాతం మీద దారి లెక్కగట్టాం.

పైలట్ శిక్షణలో ఉన్న పిల్లలు కలిసినప్పుడల్లా, "తాతగారూ, జీపీఎస్ ఉండగా ఈ గీతలూ కొలతలూ ఇంకా ఎందుకండీ?" అని అడుగుతుంటారు. అడగాల్సిన ప్రశ్నే. విమానం ఎక్కడుందో తెలుసనుకోవడం వేరు, ఎలా తెలిసిందో కాగితం మీద చూపించగలగడం వేరు. ఈ పనిముట్లన్నీ రెండోదాని కోసం పుట్టాయి. వాటివల్ల నేను నేర్చుకున్నవి వరసగా చెబుతాను.

1. పనిముట్టు చేతికి అలవాటయ్యాకే పైకి వెళ్లండి

ఓడలో దారి లెక్కగట్టే అధికారికి గది ఉంటుంది, బల్ల ఉంటుంది, తీరిక ఉంటుంది. ఓడ గంటకు పది పదిహేను నాటికల్ మైళ్లు పోతుంది. డకోటా నూట యాభై దాకా పోయేది. అంటే లెక్క తేలడం ఒక్క నిమిషం ఆలస్యమైతే రెండున్నర మైళ్లు ముందుకు వెళ్లిపోయినట్టే. ఓడల్లో వాడే బరువైన జంట రూళ్లు కుదుపుల మధ్య, ఒళ్లో పెట్టుకున్న చార్టు మీద నిలవవు. అందుకే విమానాలకు వేరే పనిముట్లు కావలసివచ్చాయి.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ నౌకాదళ విమాన విభాగానికి చెందిన బిగ్స్‌వర్త్ అనే అధికారి ఒక చార్టు బోర్డు తయారుచేశాడు. చార్టును పలకకు బిగించి, జంట కమ్మీలున్న చేతికి ప్రొట్రాక్టరు తగిలించాడు. బోర్డు మీద ఎటు జరిపినా ప్రొట్రాక్టరు ఉత్తరం ఉత్తరంగానే ఉంటుంది, పక్కకు తిరగదు. తెరిచి ఉన్న కాక్‌పిట్‌లో, చేతులకు తొడుగులు వేసుకుని, ముఖాన గాలి కొడుతుండగా గీత గీయాల్సినవాడికి అది ఎంత ఉపకారమో ఆలోచించండి. 1919 జూన్‌లో ఆల్కాక్, బ్రౌన్ న్యూఫౌండ్‌లాండ్ నుంచి ఐర్లాండ్‌కు ఎక్కడా ఆగకుండా అట్లాంటిక్ దాటింది అలా తెరిచి ఉన్న కాక్‌పిట్‌లోనే. పదహారు గంటల ప్రయాణంలో మబ్బుల సందున సూర్యుడో చుక్కో దొరికిన కాసేపట్లోనే నావిగేటర్ బ్రౌన్ తన కొలత పని ముగించుకోవాల్సి వచ్చింది.

మా కాలానికి డగ్లస్ ప్రొట్రాక్టర్ వచ్చింది. అది అరచేతంత చదరపు పారదర్శక ప్లాస్టిక్ పలక. మధ్యలో పెన్సిల్ మొన పట్టేంత బెజ్జం, మీద గళ్లు, అంచు వెంట 0 నుంచి 360 డిగ్రీలు. లోపలి వరసలో అవే అంకెలు ఎదురు దిశలో ఉంటాయి. బెజ్జాన్ని మన స్థానం మీద ఉంచి, గళ్లను రేఖాంశానికి సమాంతరంగా సర్దితే దిక్కు అంచు మీద చదువుకోవచ్చు. బయటి వరసా లోపలి వరసా కలగాపులగం చేస్తే తూర్పు పడమర అవుతుంది. ఆ పొరపాటు రాకుండా ఉండేది పుస్తకం చదివినందువల్ల కాదు, చెయ్యి తిరిగినందువల్ల. నేర్పేటప్పుడు నేను గదిలో దీపం తగ్గించి, బల్లలు తీయించి, మోకాళ్ల మీద చార్టు పెట్టించి గీయించేవాణ్ణి.

2. దూరం కొలిచే ముందు ఎక్కడ కొలుస్తున్నారో చూసుకోండి

చార్టు కుడి ఎడమ అంచుల్లో అక్షాంశాలు, పైనా కిందా రేఖాంశాలు ఉంటాయి. ఒక నిమిషం అక్షాంశమంటే ఒక నాటికల్ మైలు, అంటే 1852 మీటర్లు. అందుకని డివైడర్‌ను ఎప్పుడూ పక్క అంచు మీదే పెట్టాలి. పై అంచు మీద కొలిస్తే తప్పు వస్తుంది. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరపడతాయి. హైదరాబాదు దగ్గర ఒక నిమిషం రేఖాంశం విలువ 0.95 నాటికల్ మైలు, అరవై డిగ్రీల అక్షాంశం దగ్గర సరిగ్గా సగం.

మెర్కేటర్ చార్టులో ఇంకో చిక్కుంది. ఉత్తరానికి పోయేకొద్దీ పక్క అంచు కొలత కూడా సాగుతుంది. కాబట్టి మనం వెళ్లే దారి ఏ అక్షాంశాల మధ్య ఉందో, ఆ ఎత్తులోనే కొలవాలి. తేడా ఎక్కువ లేదులే అని అంచు మీద ఎక్కడ పడితే అక్కడ డివైడర్ పెట్టేవాళ్లను చూశాను. ఆ తేడా ఇంధనం లెక్కలోకి దిగుతుందని మరిచిపోకూడదు.

3. ఉత్తరం అన్నప్పుడు ఏ ఉత్తరమో అడగండి

చార్టు చూపేది భౌగోళిక ఉత్తరం. దిక్సూచి ముల్లు చూపేది అయస్కాంత ఉత్తరం. విమానంలోని ఇనుమూ కరెంటు తీగలూ ఆ ముల్లును ఇంకొంచెం లాగుతాయి. మన తెలుగు నేల మీద మొదటి రెండింటి తేడా చాలా స్వల్పం గనక ఇక్కడ నేర్చుకున్నవాళ్లు దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. బ్రౌన్ బయల్దేరిన న్యూఫౌండ్‌లాండ్‌లో ఆనాడు ఆ తేడా పాతిక డిగ్రీలకు పైమాటే. సరిదిద్దే అలవాటు తేడా తక్కువున్న చోటే చేసుకోవాలి. ఎక్కువున్న చోట అదే కాపాడుతుంది.

4. గాలిని లెక్కలో కలపనిదే దిక్కు చెప్పకండి

గోదావరి దాటించే పడవవాడు ఎదుటి రేవుకు సూటిగా మొన పెట్టడు. ప్రవాహం ఎంత లాగుతుందో అంచనా వేసి ఎగువకు పెడతాడు. విమానం సంగతీ అంతే. ముక్కు చూపే దిక్కు హెడింగ్, నేల మీద నిజంగా పోయే దారి ట్రాక్, ఈ రెంటి మధ్య కోణం డ్రిఫ్ట్. మేం నేర్చిన బ్రిటిష్ పద్ధతిలో హెడింగ్ గీతకు ఒక బాణం గుర్తు, ట్రాక్‌కు రెండు, గాలికి మూడు. మూడు గీతలు కలిస్తే గాలి త్రిభుజం. ఆకాశంలో దారి లెక్కంతా ఈ త్రిభుజం మీదే నిలబడింది.

ఒక లెక్క చూడండి. తూర్పుగా, అంటే 090 దిక్కుకు పోవాలి. విమానం వేగం గంటకు 150 నాటికల్ మైళ్లు. ఉత్తరం నుంచి 24 మైళ్ల వేగంతో గాలి వీస్తోంది. ముక్కు సూటిగా తూర్పుకు పెడితే దక్షిణానికి కొట్టుకుపోతాం. తొమ్మిది డిగ్రీలు ఉత్తరానికి మళ్లించి 081 మీద నడిపితే నేల మీద దారి 090 అవుతుంది, వేగం 148 అవుతుంది. ఈ లెక్క కాగితం మీద గీయడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. అమెరికన్ నౌకాదళానికి చెందిన ఫిలిప్ డాల్టన్ 1930లలో రూపొందించిన కంప్యూటర్ మీద అరనిమిషం చాలు. ఒక వైపు గాలి త్రిభుజం కోసం తిరిగే పారదర్శక పలక, రెండో వైపు గుండ్రటి స్లైడ్ రూల్. పలక మీద పెన్సిల్‌తో గాలి చుక్క పెట్టి, తిప్పి, జరిపితే జవాబు కళ్లెదుట ఉంటుంది. డాల్టన్ 1941లో విమాన ప్రమాదంలో చనిపోయాడు. ఆయన పనిముట్టు ఇ-6బి పేరుతో నేటికీ శిక్షణ విద్యార్థుల చేతుల్లో ఉంది.

అంతకుముందే పోర్చుగీసు నౌకాదళానికి చెందిన గాగో కొటిన్యో, సకదూరా కబ్రాల్ ఈ లెక్క కోసమే ఒక పనిముట్టు తయారుచేసుకుని, 1922లో లిస్బన్ నుంచి దక్షిణ అట్లాంటిక్ దాటారు. కేప్ వెర్డి దీవుల నుంచి నడిసముద్రంలోని సెయింట్ పీటర్, సెయింట్ పాల్ రాళ్ల దగ్గరికి రావాలి. పేరుకు దీవులే గాని అవి నీళ్లలోంచి తేలిన నాలుగు రాతిగుట్టలు. పదిహేను వందల కిలోమీటర్లకు మించిన సముద్రం దాటి, ఇంధనం అడుగంటుతుండగా వాటినే వెతికి పట్టుకున్నారు. దిగేటప్పుడు విమానం దెబ్బతింది గాని, దారి లెక్క తప్పలేదు.

5. చెప్పిన గాలిని వాడుకోండి, అసలు గాలిని మీరే కనుక్కోండి

వాతావరణ శాఖవాళ్లు బయల్దేరే ముందు గాలి అంచనా ఇస్తారు. అది లేనిదే బయల్దేరలేం. కానీ గంట గడిచేసరికి గాలి మారి ఉండొచ్చు. అప్పుడేం చేయాలి? ఇందుకు ఎయిర్ ప్లాట్ అనే పద్ధతి ఉంది. నావిగేషన్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం ఇదే.

గాలి లేనే లేదన్నట్టు హెడింగ్, వేగం మాత్రమే చార్టు మీద గీస్తూ పోవాలి. పది గంటలకు ఒక స్థలం మీదుగా బయల్దేరి, తూర్పు హెడింగ్‌లో 150 వేగంతో నలభై నిమిషాలు ఎగిరామనుకోండి. గాలి లేకపోతే వంద మైళ్లు తూర్పున ఉండాలి. అక్కడ గుర్తు పెడతాం. సరిగ్గా 10.40కి కింద ఒక లైట్‌హౌస్ కనబడి, మన అసలు స్థానం ఆ గుర్తుకు పదహారు మైళ్లు దక్షిణాన ఉందని తేలింది. ఆ రెండు చుక్కలనూ కలిపే గీతే గాలి. నలభై నిమిషాల్లో పదహారు మైళ్లంటే గంటకు ఇరవై నాలుగు. ఉత్తరం నుంచి వీస్తోంది.

ఈ పద్ధతిలో ఎన్నిసార్లు దిక్కు మార్చినా భయం లేదు. హెడింగ్‌లు వరసగా గీసుకుంటూ పోతే, ఎక్కడ ఒక నమ్మకమైన స్థానం దొరికితే అక్కడ గాలి బయటపడుతుంది. తెలిసినదాన్ని శుభ్రంగా వేరే ఉంచితే తెలియనిది తనంతట తానే కనబడుతుందని నాకు నేర్పింది ఈ గీతే.

6. చిన్న తప్పును చిన్నగా ఉండగానే పట్టుకోండి

అరవై మైళ్లు వెళ్లేసరికి ఒక మైలు పక్కకు జరిగితే, దిక్కులో ఒక డిగ్రీ తప్పు ఉన్నట్టు. పాత నావిగేటర్లందరి నాలుక మీదా ఉండే లెక్క ఇది. అరవై మైళ్లలో నాలుగు మైళ్లు కుడికి జరిగామంటే నాలుగు డిగ్రీల తప్పు. ఇంకా అరవై మైళ్లు మిగిలుంటే, ఆ నాలుగు దిద్ది, గమ్యం చేరడానికి మరో నాలుగు కలిపి, ఎనిమిది డిగ్రీలు ఎడమకు తిప్పాలి.

చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ దాదాపు 735 నాటికల్ మైళ్లు. ఒకే ఒక్క డిగ్రీ తప్పు దిద్దకుండా వెళితే గమ్యం దగ్గర పన్నెండు మైళ్లు పక్కన తేలతాం. అండమాన్ దీవులు ఉత్తర దక్షిణాలుగా బారుగా పరుచుకుని ఉన్నాయి గనక అక్కడ ఏదో ఒక నేల కనబడుతుంది. కార్ నికోబార్‌లాంటి ఒంటరి దీవికి వెళ్లేటప్పుడు, మబ్బు కమ్మిన రోజున ఆ పన్నెండు మైళ్లు చాలు, దీవి కనబడకుండా పోవడానికి.

7. ఒక్క గీత మీద ఉన్నంత మాత్రాన చోటు తెలిసినట్టు కాదు

సెక్స్టంట్‌తో సూర్యుడి ఎత్తు కొలిస్తే మనకు దొరికేది ఒక గీత. ఆ గీత మీద ఎక్కడో ఒకచోట ఉన్నామని మాత్రమే అది చెబుతుంది. 1937 జులై 2న అమీలియా ఇయర్‌హార్ట్, ఆమె నావిగేటర్ ఫ్రెడ్ నూనన్ పసిఫిక్‌లోని హౌలాండ్ దీవి కోసం వెతుకుతూ, 157-337 డిగ్రీల దిక్కుల గీత మీద ఉన్నామని రేడియోలో చెప్పారు. ఆ దీవి పొడవు రెండున్నర కిలోమీటర్లకు మించదు. గీత మీద దీవి ఉత్తరాన ఉందో దక్షిణాన ఉందో తేలలేదు. వాళ్లు మళ్లీ కనబడలేదు. నూనన్ అనుభవజ్ఞుడు. ఆయన్ను తప్పుపట్టే అర్హత నాకు లేదు. కానీ ఒక గీతకూ ఒక చుక్కకూ మధ్య ఎంత దూరముందో ఆ కథ చెబుతుంది.

ఇదే చిక్కును 1931లో ఫ్రాన్సిస్ చిచెస్టర్ ముందుగానే ఊహించాడు. న్యూజిలాండ్ నుంచి ఆస్ట్రేలియాకు టాస్మన్ సముద్రం మీదుగా, నీళ్ల మీద వాలే చిన్న జిప్సీ మాత్ విమానంలో ఒంటరిగా బయల్దేరాడు. మధ్యలో నార్‌ఫోక్ దీవిలోనూ లార్డ్ హౌ దీవిలోనూ దిగి ఇంధనం నింపుకోవాలి. నేరుగా దీవికి గురిపెట్టి అది కనబడకపోతే కుడికి తిరగాలో ఎడమకు తిరగాలో తెలియదు. అందుకని కావాలనే దీవికి ఒక పక్కకు బాగా ఎడంగా గురిపెట్టాడు. సూర్యుడి ఎత్తు కొలుస్తూ, దీవి మీదుగా పోయే గీత మీదికి వచ్చానని లెక్క తేలగానే దీవి ఉన్న వైపుకు తిరిగి ఆ గీత వెంబడే వెళ్లాడు. దీవి ఎదురైంది. కాళ్ల మధ్య కంట్రోల్ కర్ర పట్టుకుని, బైగ్రేవ్ స్లైడ్ రూల్ అనే గొట్టంలాంటి పనిముట్టు మీద త్రికోణమితి లెక్కలు చేసుకుంటూ సాధించిన పని ఇది.

తప్పు రావచ్చని ఒప్పుకుని, వస్తే ఏ వైపు రావాలో ముందే నిర్ణయించుకోవడం ఎంతటి తెలివో చూడండి. నా ఉద్యోగంలోనూ, ఇంటి వ్యవహారాల్లోనూ ఇంతగా పనికొచ్చిన పాఠం ఇంకొకటి లేదు.

8. చూసింది వేరు, ఊహించింది వేరు. రెంటికీ ఒకే గుర్తు పెట్టకండి

లెక్కతో అంచనా వేసిన స్థానానికి ఒక గుర్తు, కంటితో చూసో కొలిచో నిర్ధారించుకున్న స్థానానికి మరో గుర్తు పెట్టాలి. పక్కనే సమయం రాయాలి. సమయం లేని చుక్క చార్టు మీద మచ్చతో సమానం. భూమధ్యరేఖ దగ్గర గడియారం నాలుగు సెకన్లు తప్పితే సూర్యుడి కొలతతో వచ్చే స్థానం ఒక మైలు తప్పుతుంది. అమెరికన్ నౌకాదళాధికారి వీమ్స్, రేడియో సంకేతానికి సెకన్లతో సహా సరిపెట్టుకునే గడియారాన్ని పనిగట్టుకుని తయారుచేసింది ఇందుకే.

ఊహను నిజమనుకుంటే ఏమవుతుందో 1941 ఆగస్టులో బ్రిటన్‌కు తెలిసివచ్చింది. లక్ష్యం మీద బాంబులు వేశామని నివేదించిన విమానాలు తీసిన ఫొటోలను బట్ అనే అధికారి పరిశీలించాడు. మూడింట ఒక వంతు మాత్రమే లక్ష్యానికి అయిదు మైళ్ల లోపుకు చేరాయని తేలింది. ఆ విమానాల్లోని కుర్రవాళ్లు అబద్ధం చెప్పలేదు. చీకట్లో, తప్పుడు గాలి అంచనాతో గీసిన స్థానాన్ని చూసిన స్థానంగా నమ్మారు.

మూడు నక్షత్రాలతో మూడు గీతలు గీస్తే అవి ఒక్క చుక్క దగ్గర కలవవు. మధ్యలో చిన్న త్రిభుజం మిగులుతుంది. శిక్షణలో కొందరు ఆ త్రిభుజం కనబడకుండా గీతలను కాస్త జరిపి చుక్క చేసేవారు. చార్టు అందంగా కనబడుతుంది గాని అబద్ధం చెబుతుంది. "ఆ త్రిభుజాన్ని చెరపకు నాయనా, నీకు ఎంత తెలియదో చెప్పేది అదొక్కటే" అనేవాణ్ణి.

9. నేల మీద చేయగల లెక్క గాల్లోకి మోసుకుపోకండి

1927లో చార్లెస్ లిండ్‌బర్గ్ న్యూయార్క్ నుంచి పారిస్‌కు ఒంటరిగా ఎగిరినప్పుడు బరువు తగ్గించుకోవడానికి రేడియో, సెక్స్టంట్ కూడా తీసుకెళ్లలేదు. కానీ బయల్దేరకముందే దారిని చార్టు మీద గీసి, వందేసి మైళ్ల ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకు దిక్కు లెక్కగట్టి పెట్టుకున్నాడు. ముప్పై మూడున్నర గంటల ప్రయాణంలో నిద్ర ముంచుకొస్తుంటే కొత్తగా లెక్క చేయగల మనిషి ఉండడు. అలసిపోయిన తనకు, అలసిపోని తాను రాసిపెట్టిన చీటీ అది. అంత సాధించాక, ఆ మరుసటి సంవత్సరమే ఆయన వీమ్స్ దగ్గర కూర్చుని నక్షత్రాలతో దారి కనుక్కోవడం నేర్చుకున్నాడు. ఆ వినయం కూడా నేర్చుకోదగ్గదే.

10. యంత్రాన్ని వాడండి, లెక్క మాత్రం దానికి వదలకండి

జీపీఎస్ గొప్పది. మా కాలంలో అది ఉంటే ఎన్నో ప్రాణాలు దక్కేవి. కానీ ఆ సిగ్నళ్లను అడ్డుకోవడం, తప్పుడు సిగ్నళ్లు పంపి దారి మళ్లించడం ఇప్పుడు జరుగుతున్న పనులే. 2023 నవంబరులో మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కూడా దీని మీద విమానయాన సంస్థలకు సూచనలిచ్చింది. తెర మీద కనబడే స్థానం తప్పని గుర్తుపట్టాలంటే, ఎక్కడ ఉండాలో మన దగ్గర వేరే లెక్క ఉండాలి. దిక్కు, వేగం, సమయం, గాలి అనే నాలుగు అంకెలు తలలో ఉన్నవాణ్ణి తప్పుడు సిగ్నల్ తేలిగ్గా మోసం చేయలేదు. ఆరు నిమిషాల్లో ఎంత దూరం పోతామో చెప్పడానికి వేగంలో పదోవంతు తీసుకుంటే చాలు. అదైనా నోటికి రావాలి.

అందుకే పైలట్ కావాలనుకునే పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. పరీక్ష కోసమని కాకుండా, మీ మొదటి ప్రయాణాలన్నీ చార్టు మీద పెన్సిల్‌తో గీసుకోండి. దిగాక తెర మీది దారితో పోల్చి చూడండి. ఇంటర్‌లో సదిశలు చెప్పే లెక్కల మాస్టార్లకు, టీచరమ్మలకు కూడా నాదొక మనవి. ఒక్క పీరియడ్ ఈ గాలి త్రిభుజానికి ఇవ్వండి. కాగితం, స్కేలు, కోణమానిని చాలు. సదిశల సంకలనం ఎందుకు నేర్చుకుంటున్నామో పిల్లలు మళ్లీ అడగరు.